వేగము - ప్రమాణము

తెలుగున 'ప్రమాణము' అను మాటకు రెండర్థములు వాడుకలో నున్నవి. కొలతకు ఆధారమైనది ప్రమాణము. దైవసాక్షిగా ఇచ్చిన మాటయు ప్రమాణమే. మొదటిది అంగడి మాట. రెండవది గుడి మాట. చిత్తూరు సీమవారికి ఈ రెండవ అర్థము విశేషముగా పరిచితము. అప్పు తీర్చితినని ఒకడు, తీర్చలేదని మరియొకడు వాదులాడుకొని, వ్రాతగాని సాక్షిగాని లేక తగవు తెగనప్పుడు, "కాణిపాకమునకు వచ్చి ప్రమాణము చేయుదువా?" అని పెద్దలు అడుగుట ఈ ప్రాంతమున తరతరముల ఆచారము. బాహుదానది యొడ్డున వెలసిన వరసిద్ధి వినాయకుని ఎదుట అబద్ధమాడుటకు నోరు రాదని జనుల విశ్వాసము. ఆ విశ్వాసమును శోధించుట ఇచ్చట ప్రస్తుతము కాదు. ఒకరినొకరు నమ్మలేని ఇద్దరు, ఇద్దరికిని నమ్మదగిన మూడవదానిని నడుమ నిలుపుకొని వ్యవహారము సాగించుకొనుటయే ప్రమాణములోని సారము.

యంత్రముల విషయమునను జరుగునది ఇదియే. ఒక దేశమున తయారైన కంప్యూటరు మరియొక దేశమున తయారైన ముద్రణయంత్రమును ఎరుగదు. ఒకరి కర్మాగారపు రహస్యములు మరియొకరికి తెలియవు. అయినను రెండింటి నడుమ ఒక తీగ తగిలించినంతనే మాటలు కలియుచున్నవి. ఉభయుల తయారీదారులును ముందుగా ఒకే ఒడంబడికకు కట్టుబడి యుండుటయే అందులకు కారణము. 'స్టాండర్డు' అను ఇంగ్లీషు మాటకు తెలుగువారు ప్రమాణమను మాటను వాడుచున్నారు. అందు కొలతయు ఉన్నది, ఇచ్చిన మాటయు ఉన్నది. గడచిన ముప్పది సంవత్సరములలో కంప్యూటరు తీగల వేగము పెరిగిన తీరును గూర్చి వ్రాయువారు మొదటి అర్థమునే పట్టుకొనుచున్నారు. రెండవ అర్థమును కూడ పట్టుకొని చూచినగాని, ఆ వేగము బడిపిల్లవానికి ఎంతవరకు చేరినది అను ప్రశ్నకు సమాధానము దొరకదు.

ప్రమాణము కుదరనిచో ఏమగునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. రేణిగుంట స్టేషను చరిత్ర చాలును. మద్రాసునుండి బొంబాయికి పోవు పెద్ద దారి అయిదడుగుల ఆరంగుళముల వెడల్పుగల బ్రాడ్‌గేజి. కాట్పాడి, పాకాలలమీదుగా వచ్చిన దారి ఒక మీటరు వెడల్పుగల మీటరుగేజి. ఈ రెండును రేణిగుంటలో కలిసికొనెను. కాని కలిసికొనియు కలియలేదు. ఒక దారిని వచ్చిన పెట్టె రెండవ దారిపై నడువదు. మూటలు ఒక బండినుండి దింపి మరియొక బండిలోనికి ఎత్తవలెను. యాత్రికుడు పిల్లలతో, పెట్టెలతో దిగి బండి మారవలెను. ఇంజను ఎంత బలమైనదైనను, కూలివాని భుజముకంటె వేగముగా సరకు పోజాలదు. పాకాల-ధర్మవరము మార్గము ఈ శతాబ్దపు తొలి దశకము వరకును మీటరుగేజిగనే యుండెను. ఆ దారిని ప్రయాణించిన వృద్ధులు నేటికిని ఆ బండి మార్పుల శ్రమను చెప్పుదురు.

కొలతలందును ఇట్టి అవస్థయే యుండెడిది. ఒక ఊరి పడి మరియొక ఊరి పడి కాదు. ఒక సంతలోని వీశె మరియొక సంతలోని వీశెతో తూగదు. 1956లో తూనికలు కొలతల ప్రమాణములకు చట్టము వచ్చినది. 1957 ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయికి నూరు నయాపైసలు వచ్చినవి. అణాలలో లెక్క నేర్చిన ముసలివారు కొంతకాలము తడబడిరి. కాని ఒక తరము గడచునప్పటికి, ఏ సంతకు పోయినను ఒకే కిలో అని చిన్నపిల్లవానికి సైతము ధైర్యము కలిగెను. ప్రమాణము ముఖ్యముగా ఎవరిని రక్షించునో ఇందువలన తెలియును. తెలిసినవాడు, బలము గలవాడు ఏ కొలతలోనైనను నెగ్గుకొనిరాగలడు. తెలియనివానికి, అరువు తెచ్చుకొనువానికి ప్రమాణమే అండ.

కంప్యూటరునకు 1996కు ముందు రేణిగుంట గతియే పట్టియుండెను. దాని వెనుకభాగమును చూచినచో పలువిధముల రంధ్రములు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీగ. కీబోర్డునకు గుండ్రని ముఖము, ముద్రణయంత్రమునకు ఇరువదియైదు సూదుల వెడల్పు ముఖము, మోడెమునకు వేరొకటి. అమెరికాలో 1960లో ఏర్పడిన ఆర్.ఎస్.-232 అను పాత ప్రమాణము అప్పటికిని వాడుకలో నుండెను. సెకనుకు 9,600 బిట్లు దానికి సాధారణమైన వేగము. ఒక కొత్త పరికరమును తగిలించవలెనన్నచో కంప్యూటరును ఆర్పి, పెట్టెను విప్పి, లోపల ఒక కార్డు అమర్చి, మరల వెలిగించి, అమరికలు సరిచూచుకొనవలెను. ఇది నిపుణుల పని. బడిపంతులు గాని గుమాస్తా గాని చేయదగినది కాదు.

ఈ చిక్కును తీర్చుటకు ఇంటెల్, మైక్రోసాఫ్టు, ఐ.బి.ఎం., కాంపాక్, డి.ఇ.సి., ఎన్.ఇ.సి., నార్టెల్ అను ఏడు సంస్థలు కూడినవి. బజారులో ఇందు కొన్ని ఒకదానికొకటి పోటీదారులు. ఇంటెల్ సంస్థలో ఈ పనికి ముందు నిలిచినవారిలో ముఖ్యుడు అజయ్ భట్. గుజరాతులోని వడోదరలో ఇంజనీరింగు చదివి అమెరికాకు వెళ్ళిన భారతీయుడు. 1996 జనవరిలో యు.ఎస్.బి. తొలి ప్రమాణము వెలువడెను. దీనిని వాడుకొనుటకు పేటెంటు రుసుము చెల్లించనక్కరలేకుండునట్లు ఏర్పాటు చేసిరి. ఒకడు తనకొరకే దాచుకొన్న తాళపుచెవి ప్రమాణము కాజాలదు. ఎవరైనను చేయించుకొనదగినదే ప్రమాణము కాగలదు. ఈ తీగ లోకమంతటను వ్యాపించుటకు వేగముకంటె ఈ ఔదార్యమే ఎక్కువ కారణమని చెప్పవచ్చును.

వేగమును గూర్చి చెప్పునపుడు తరగతిలో చేయదగిన చిన్న లెక్క యొకటి కలదు. ఒక పాఠపు చలనచిత్రము ఒక గిగాబైటు ఉన్నదనుకొనవలెను. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కావున గిగాబైటునకు 800 కోట్ల బిట్లు. సెకనుకు 9,600 బిట్ల పాత తీగపై ఇది చేరుటకు తొమ్మిదిన్నర దినములకు పైగా పట్టును. 1996 నాటి యు.ఎస్.బి. గరిష్ఠ వేగము సెకనుకు 12 మెగాబిట్లు. దానిపై పదకొండు నిమిషములు. 2000లో వచ్చిన రెండవ కూర్పు వేగము 480 మెగాబిట్లు, పదునేడు సెకనులు. 2008లో వచ్చిన మూడవ కూర్పు వేగము 5 గిగాబిట్లు. రెండు సెకనులకు లోపు. 2019లో వచ్చిన నాలుగవ కూర్పు 40 గిగాబిట్లకు చేరెను. 2022లో అది 80 గిగాబిట్లయ్యెను. ఇప్పుడు సెకనులో పదవ వంతు చాలును. ఇవి కాగితముమీది గరిష్ఠ వేగములు. ఆచరణలో కొంత తగ్గును. అయినను ఇరువదియారు సంవత్సరములలో ఆరువేల రెట్లకు మించిన పెరుగుదల. మానవుడు చేసిన మరి యే వస్తువునైనను ఇంత త్వరగా ఇంత మెరుగుపరచెనా యని విద్యార్థులు ఆలోచింపవచ్చును.

కాని ఈ పెరుగుదలలో అబ్బురపడవలసినది అంకెలొక్కటే కాదు. ఇరువది ఏండ్లనాటి మౌసును నేటి కంప్యూటరునకు తగిలించినను అది పనిచేయును. ముఖము మారినచోట చిన్న అతుకు చాలును. ఆ కలయిక జరుగు తీరు ముచ్చటైనది. పరికరము తగులుకొనిన వెంటనే, తనలోని రెండు సమాచారపు తీగలలో ఒకదానిపై వోల్టేజిని పెంచి తన రాకను తెలుపును. ఏ తీగపై పెంచినదను దానినిబట్టి, అది నెమ్మదిగలదో వేగముగలదో కంప్యూటరు గ్రహించును. పిమ్మట, నీవెవరవు, నీ తరగతి యేది, నీకు ఎంత విద్యుత్తు కావలెనని వరుసగా ప్రశ్నించును. పరికరము సమాధానము చెప్పును. ఇద్దరిలో వేగము తక్కువ గలవాని వేగమే ఆ సంభాషణకు వేగమగును. ఎక్కువ శక్తిగలవాడు తన శక్తిని తగ్గించుకొని తక్కువవానితో కలిసి నడచును. మంచి ఉపాధ్యాయుడు తరగతిలో చేయునది ఇదియే కదా! కొత్త ప్రమాణములు వ్రాసినవారు పాతవారికి ఇచ్చిన మాటను తప్పలేదు. వేలరెట్లు వేగము పెంచియు వెనుకటివానిని వదలని ఈ నియమము, ఏ ప్రణాళికకైనను ఆదర్శము కాదగినది.

ఇంతగా మెచ్చుకొనదగిన ఈ ప్రమాణమునకు మచ్చ లేకపోలేదు. ఆ మచ్చ వేగములో లేదు, పేరులో ఉన్నది. 2008లో 'యు.ఎస్.బి. 3.0' అని పిలిచినదానినే 2013లో '3.1 జెన్ 1' అనిరి, 2017లో '3.2 జెన్ 1' అనిరి. వేగము మాత్రము అదే 5 గిగాబిట్లు. పాత సరకునకు కొత్త పేరు పెట్టి అమ్ముటకు వర్తకులకు ఇంతకంటె అవకాశమేమి కావలెను? 2014లో వచ్చిన 'టైప్-సి' ముఖము ఎటు తిప్పినను దూరునట్టి సదుపాయము కలది. కాని చూచుటకు ఒకేవిధముగా నున్న తీగలలో ఒకటి 480 మెగాబిట్లకే ఆగిపోవును, మరియొకటి 80 గిగాబిట్లు మోయును. తిరుపతి గాంధీరోడ్డులోని అంగడిలో రెండును పక్కపక్కనే వ్రేలాడుచుండును. కొనువానికి భేదము కనబడదు. 2023లో వెలువడిన ఐఫోను 15 సైతము, ముఖము కొత్తదైనను, తీగమీది వేగమునకు 2000 నాటి 480 మెగాబిట్లకే పరిమితమై యుండెను. ఈ గందరగోళమును గ్రహించి, ప్రమాణమును నిర్వహించు సంఘము 2022 సెప్టెంబరులో పేర్లను విడిచి, 20 గిగాబిట్లు, 40 గిగాబిట్లు అని వేగమునే తీగపై ముద్రింపవలసినదని సూచించెను. ఆలస్యమైనను మంచి పని. పడిపై ముద్ర వేయని ఊరిలో దొంగకొలతలు తప్పవు.

పూర్వము మూటలు దింపి ఎత్తిన రేణిగుంట పరిసరములలోనే నేడు ఎలెక్ట్రానిక్సు కర్మాగారములు వెలసినవి. తమిళనాడు సరిహద్దునందలి శ్రీసిటీలో 2015నుండి సెల్‌ఫోనుల కూర్పు సాగినది. ఐఫోనులకు ఛార్జింగు తీగలు తయారుచేయు ఫాక్స్‌లింక్ కర్మాగారము తిరుపతి చెంతనే యున్న సంగతి, 2023 ఫిబ్రవరిలో అందు అగ్నిప్రమాదము సంభవించి ఉత్పత్తి ఆగినపుడు దేశదేశముల పత్రికలకెక్కెను. ఆ ఫోనులకు 2012నుండి ఆపిల్ సంస్థ తన సొంత ముఖమునే వాడుచుండెను. ఐరోపా సమాఖ్య 2022లో ఒక శాసనము చేసి, 2024 డిసెంబరు 28నుండి అచ్చట అమ్ముడుపోవు ఫోనులన్నిటికిని టైప్-సి ముఖమే ఉండవలెనని నిర్ణయించెను. గడువుకు ముందే, 2023 సెప్టెంబరులో, ఆపిల్ తన ముఖమును మార్చుకొనెను. ఇక ఈ మాటకు ఒక పార్శ్వము కలదు. ఎక్కడనో బ్రస్సెల్సులో వ్రాసిన వాక్యము, రేణిగుంటలో అచ్చులు మార్చవలసిన అవసరమును, పనివారు కొత్త పని నేర్వవలసిన అవసరమును కల్పింపగలదు. ప్రమాణము వ్రాయువాడొకడు, తీగ చుట్టువాడొకడు. చుట్టువాని ప్రాంతమునుండి వ్రాయువారు రానంతకాలము, ఇతరుల నిర్ణయమునకు తల యొగ్గుట తప్పదు.

అది అసాధ్యమైన పని కాదు. అయిదవ తరపు సెల్‌ఫోను ప్రమాణము రూపొందుచున్న రోజులలో, భారతదేశపు ప్రమాణసంఘము ఒక వాదమును లోకము ముందుంచెను. పాశ్చాత్య నగరములలో స్తంభములు దగ్గరగా నుండును, వాడుకరులు కారులలో వేగముగా పోవుచుందురు. భారతదేశపు గ్రామములలో స్తంభములు దూరము. వాడుకరి నెమ్మదిగా నడచుచుండును, లేదా అరుగుపై కూర్చుండియుండును. కావున స్తంభములు ఆరు కిలోమీటర్ల ఎడమున నున్నను సేవ అందునట్లు పరీక్షింపవలెనని ఆ వాదము. అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సమాఖ్య ఈ కోరికను 2017లో అంగీకరించెను. హైదరాబాదు, మద్రాసు ఐ.ఐ.టి.ల పరిశోధకులు పాల్గొని రూపొందించిన '5జి-ఐ' అను పద్ధతికి 2020 నవంబరులో ఆ సమాఖ్య ఆమోదము లభించెను; పిమ్మట దానిలోని ముఖ్యాంశములు ప్రపంచ ప్రమాణమున కలిసిపోయినవి. గ్రామీణుని అవసరము ప్రమాణమున ఒక పంక్తిగా చేరెను. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము కలదు; 2015నుండి ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలు కలవు. ఇట్టి పంక్తులు వ్రాయగలవారు ఇచ్చట తయారు కాకపోవుటకు కారణము కనబడదు.

ఇంతవరకు చెప్పినది బల్లపైనున్న గజము పొడవు తీగను గూర్చి. ఇంటినుండి బయటికిపోవు తీగ మాట వేరు. భారతదేశమున ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న నాలుగు మహానగరములలో లభ్యమయ్యెను. మద్రాసు అందులో ఒకటి. తిరుపతి, చిత్తూరులకు అది పిమ్మట టెలిఫోను తీగల వెంట మెల్లగా వచ్చి చేరెను. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతులమీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమయ్యెను. భూమిని త్రవ్వక విద్యుత్ స్తంభములపైననే గాజుతీగను లాగి, నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల వేగముతో ఇంటర్నెట్, టెలిఫోను, టెలివిజను ఇత్తుమని అప్పుడు ప్రకటించిరి. ఆలోచన మెచ్చదగినది. పైన చెప్పిన గిగాబైటు పాఠము ఆ వేగమున తొమ్మిది నిమిషములలో ఇల్లు చేరగలదు.

అయితే ప్రకటన వేరు, ప్రమాణము వేరు. 'బ్రాడ్‌బ్యాండు' అని పిలుచుటకు కనీసము ఎంత వేగముండవలెను? 2004 నాటి కేంద్రప్రభుత్వ విధానము ప్రకారము సెకనుకు 256 కిలోబిట్లు. అది కొంత పెరిగి, 2023 జనవరిలో 2 మెగాబిట్లయ్యెను. అనగా పందొమ్మిది సంవత్సరములలో దాదాపు ఎనిమిది రెట్లు. ఇదే కాలమున బల్లపైని తీగ ప్రమాణము 480 మెగాబిట్లనుండి 80 గిగాబిట్లకు, అనగా నూటయరువదియారు రెట్లు పెరిగెను. యంత్రములు ఒకదానికొకటి ఇచ్చుకొన్న మాట నూటయరువది రెట్లు పెరిగినది; పౌరునకు ఇచ్చిన మాట ఎనిమిది రెట్లు పెరిగినది. ఈ రెండంకెలను పక్కపక్కన వ్రాసి చూచినగాని విషయము బోధపడదు.

ఈ పోలిక న్యాయము కాదని కొందరు అనవచ్చును. గజము పొడవు తీగకును, కొండలుదాటి పోవు తీగకును సామ్యమెక్కడిది? ఆ మాటలో నిజమున్నది. దూరము పెరిగినకొలది ఖర్చు పెరుగును. స్తంభములు, అనుమతులు, తుపానులు, మరమ్మతులు అడ్డువచ్చును. 2 మెగాబిట్లు కనీసమే కాని గరిష్ఠము కాదు. పట్టణములలో పలువురికి అంతకు ఎన్నోరెట్లు వేగము అందుచున్నది. ఇదియు నిజమే. కాని కనీసమే ప్రమాణము. కూలివానికి కనీస వేతనమెంతో అడుగుదురుగాని, అత్యధిక వేతనమెంతో అడుగరు. వేగము విక్రయించువారి ప్రకటనలలో 'వరకు' అను చిన్నమాట యొకటి యుండును: 'వంద మెగాబిట్ల వరకు'. ఆ 'వరకు' అను మాటలో సున్నయు ఇమిడియున్నది. కాణిపాకమున "నేను తీర్చవలసిన అప్పు వేయి రూపాయల వరకు తీర్చితిని" అన్నచో, ఏ పెద్దమనిషియు దానిని ప్రమాణముగా ఒప్పుకొనడు.

బండ్లవరుస ఎంత వేగముగా పోవునన్నది ముందటి ఎద్దులపై ఆధారపడదు. అన్నిటికంటె మెల్లగా నడచు బండిపై ఆధారపడును. బల్లపై 40 గిగాబిట్ల తీగయుండి, గోడకవతల 2 మెగాబిట్ల తీగయున్నచో, బయటినుండి రావలసిన గిగాబైటు పాఠమునకు గంటకుపైగా పట్టును. లోపలి తీగ వేగము ఆ గంటలో ఒక నిమిషమునైనను తగ్గింపజాలదు. కుప్పము, పలమనేరు మండలములలో కౌండిన్య అడవి అంచులనున్న పల్లెలకు, ఈ చివరి బండియే విధి.

వేగము కొరత విలాసముల కొరతయే యగుచో విచారింపవలసినది లేదు. కాని నేడు అది హక్కుల కొరతగా మారుచున్నది. తిరుమలలో మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు టిక్కెట్లు ఇంటర్నెట్‌లో విడుదలయినపుడు స్వల్పకాలములోనే చెల్లిపోవును. పూర్వము వరుసలో ముందు నిలుచుటకు ఓపిక కావలెను. తెల్లవారుజామున లేవగలిగిన బీదవాడును ధనికునికి ముందు నిలువగలిగెడివాడు. ఈ కొత్త వరుసలో ఓపికకు తావు లేదు, తీగకే తావు. ఏడుకొండల నీడలోనే నివసించు పల్లెటూరి భక్తుని పుట చక్రము తిరుగుచుండగనే, దూరదేశమునందలి ఉద్యోగి టిక్కెట్టు పొందవచ్చును. ఉచిత దర్శనము, నేరుగా పొందు మార్గములు లేకపోలేదు. కాని వరుస యొక్క స్వభావము మారినదని గుర్తింపవలెను.

పాఠశాలల మాట మరింత ముఖ్యము. 2020 మార్చిలో బడులు మూతపడినపుడు, దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠములు ప్రసారము చేయవలసివచ్చెను. ఫోనులున్న పిల్లలును సంకేతము అందక మిద్దెలెక్కిరి, గుట్టలెక్కిరి. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును కలిపి అయిదు లక్షలకుపైగా ట్యాబులు పంచినపుడు, పాఠములను ముందుగనే వానిలో నింపి ఇచ్చిరి. అది తెలివైన పనియే. తీగపై రాలేని పాఠము బస్సుపై వచ్చెను. కాని అందొక అంగీకారము దాగియున్నది. పల్లెలోని బాలునికి కావలసినప్పుడు కావలసిన పాఠము తీగపై చేరునను మాటను ఇచ్చుటకు ఇంకను ఎవరును సిద్ధముగా లేరనుటయే ఆ అంగీకారము. రేణిగుంటలో మూటలు దింపి ఎత్తిన నాటి కథయే వేరొక రూపమున సాగుచున్నది.

ఇందుకు ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి కలదు. ఖర్చులేనిది, తరగతిలోనే జరుగదగినది. తర్కశాస్త్రమున ప్రమాణమునకు మూడవ అర్థమున్నది: సత్యమును తెలిసికొను సాధనము. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దమని నాలుగు ప్రమాణములు చెప్పిరి. తీగపై ముద్రించిన అంకె, ప్రకటనలోని వేగము శబ్దప్రమాణములు. చెప్పినవాడు ఆప్తుడైనచో నమ్మవచ్చును. వ్యాపారి ఎల్లప్పుడు ఆప్తుడు కాడు. కావున ప్రత్యక్షమునకు పూనుకొనవలెను. పరిమాణము తెలిసిన ఒక ఫైలును తెప్పించి, గడియారము పట్టుకొని, ఎన్ని సెకనులు పట్టినదో చూచి, బైట్లను ఎనిమిదిచే గుణించి, సెకనులచే భాగించినచో నిజమైన వేగము తెలియును. ఆరవ తరగతి విద్యార్థికి రాదగిన లెక్క ఇది. ప్రతి దినము ఒకే వేళ ఈ లెక్క చేసి, హాజరుపట్టీ పక్కన ఒక పట్టీలో వ్రాసియుంచవలెను. ఒక నెల గడచునప్పటికి ఆ బడికి అందుచున్న కనీస వేగమెంతో తేలును. ఆ పట్టీయే సాక్ష్యము. గ్రామసభలో గాని, మండల అధికారి ఎదుట గాని, తీగ వేసిన సంస్థ ఎదుట గాని మాటలాడుటకు అది ఆధారమగును.

పాఠ్యగ్రంథములను కూర్చువారు చేయదగిన పనియు కలదు. కంప్యూటరు పాఠములలో భాగముల పేర్లు వల్లె వేయించుటతో తృప్తిపడుచున్నారు. బిట్టునకు బైటునకు భేదము, గరిష్ఠమునకు కనీసమునకు భేదము, పేరునకు వేగమునకు భేదము నేర్పినచో, ఆ పిల్లవాడు రేపు అంగడిలో మోసపోడు. ఎల్లుండి కర్మాగారమున తాను చుట్టు తీగ యేమిటో తెలిసి చుట్టును. అదృష్టము బాగున్నచో ఒకనాడు ప్రమాణమును వ్రాయువారి నడుమ కూర్చుండును.

ప్రభుత్వమును కోరదగినదియు ఒక్కటే. రాబోవు ప్రతి ప్రకటనలోను 'వరకు' అను మాట తీసివేసి, 'తగ్గకుండ' అను మాటను వ్రాయింపవలెను. ఆ అంకె చిన్నదైనను సరియే. అయిదు మెగాబిట్లు తగ్గకుండ ఇత్తుమని చెప్పి నిలుపుకొన్నచో, నూరు మెగాబిట్ల వరకు అను మాటకంటె అది బడికి ఉపకారము. పిమ్మట ఆ కనీసము ఏటేట పెరుగునట్లు కాలపట్టిక నొకటి కట్టుకొనవచ్చును. బల్లపైని తీగ ఇరువదియారు సంవత్సరములుగా చేసినది అదియే.

అజయ్ భట్, ఆయన సహచరులు నిర్మించిన తీగ లోకమును జయించినది వేగముచేత మాత్రమే కాదు. మొదటి కూర్పు 12 మెగాబిట్లే. నాటి పోటీదారులలో అంతకంటె వేగము గలవి ఉండెను. కాని అది చెప్పిన మాటను చెప్పినచోటనెల్ల నిలుపుకొనెను, పాతవానిని విడువలేదు, ఎవరినుండియు పేటెంటు రుసుము కోరలేదు. చిత్తూరు సీమలోని చివరి పల్లె బడికి చేరవలసిన తీగకును ఈ మూడు గుణములే కావలెను. వేగము పెంచుట ఇంజనీరుల పని. వారు దానిని చక్కగనే చేయుచున్నారు. మాట నిలుపుట మాత్రము ఇంజనీరుల చేతిలో లేదు. అది మాట ఇచ్చినవారి పని. ఇచ్చిన మాటను కొలిచి చూచుట మాట పుచ్చుకొన్నవారి పని.